గర్భంతో ఉన్నప్పుడు సీఎంవీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాక్టర్ని కాదు, ఈ వైరస్ వల్ల వినికిడి దెబ్బతిన్న ఒక పాపకి అమ్మని. మా పాప సంగతి తెలిసినప్పటి నుంచి చుట్టాలూ, వాళ్ల చుట్టాలూ రిపోర్టులు ఫోటో తీసి పంపి అడుగుతూనే ఉంటారు, అదీ రాత్రి పదిన్నర దాటాకే, ఎందుకంటే ల్యాబు వాళ్లు వాట్సాప్‌లో పెట్టేది అప్పుడే. అవే ప్రశ్నలు, అవే జవాబులు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. మీ విషయంలో ఏం చేయాలో మీ డాక్టరే చెప్పాలి, కానీ ఆ డాక్టర్ని ఏం అడగాలో మీకు తెలిసి ఉంటే సగం పని అయినట్టే.

అసలు సీఎంవీ అంటే ఏంటి?

సైటోమెగలోవైరస్. పేరు వింటే గుండె జారుతుంది గానీ అర్థం మామూలుదే: ఇది దూరిన కణం ఉబ్బి పెద్దదవుతుంది, మైక్రోస్కోపులో గుడ్లగూబ కన్నులా కనిపిస్తుంది. 1950లలో ల్యాబులో దీన్ని వేరుచేశారు, 1960లో థామస్ వెల్లర్ అనే శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. ఆటలమ్మ వైరస్సూ, పెదవి పక్కన పొక్కులు తెచ్చే హెర్పిసూ దీనికి దాయాదులు. ఈ వంశానికంతా ఒకటే గుణం, ఒకసారి ఒంట్లోకి వస్తే ఇక పోవు. తగ్గాక ఏదో మూల నిద్రపోతుంటాయి, ఎప్పుడో ఒకప్పుడు లేస్తాయి.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది వచ్చినా తెలియదు. రెండ్రోజులు ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం, నీరసం, చాలామందికి అదీ ఉండదు. గర్భంతో ఉన్నప్పుడైతే ఆ నీరసం వేవిళ్ల ఖాతాలో పడిపోతుంది.

నా టార్చ్ (కడుపులో బిడ్డకి హాని చేయగల కొన్ని ఇన్ఫెక్షన్లకి కలిపి చేసే రక్తపరీక్ష) రిపోర్టులో సీఎంవీ ఐజీజీ పాజిటివ్ అని ఎర్రగా వచ్చింది. బిడ్డకి ప్రమాదమా?

నాకు వచ్చే ఫోన్లలో పదికి ఎనిమిది ఇవే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తా.

ఐజీజీ అంటే వైరస్‌ని ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారుచేసుకునే ఒక రకం యాంటీబాడీ. అది పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ మీకు తగిలింది, దానికి మీ ఒళ్లు కాపలా పెట్టుకుంది అని అర్థం, అంతే. చిన్నప్పుడే తగిలి ఉండొచ్చు. మన దేశంలో పెళ్లీడుకొచ్చిన ఆడవాళ్లకి పరీక్ష చేస్తే నూటికి తొంభై మందికి పైనే పాజిటివ్ వస్తుంది. మీ అమ్మకి చేసినా వస్తుంది, మీ ఆడపడుచుకి చేసినా వస్తుంది, ఆ రిపోర్టు తెచ్చిచ్చిన కుర్రాడికి చేసినా దాదాపు వస్తుంది. పక్కన 250 అనో 500 అనో పెద్ద నంబరు ఉందని దడుచుకోకండి, ఆ నంబరు పెరిగినంత మాత్రాన జబ్బు ముదిరినట్టు కాదు.

ఈ ఐజీజీని "తగ్గించడానికి" కొందరు నెలల తరబడి మందులు రాస్తారు, కొందరు కషాయాలు అమ్ముతారు. ఐజీజీ తగ్గించాల్సిన వస్తువు కాదు, మామూలుగా అది జీవితాంతం ఉంటుంది. మా దూరపు చుట్టం ఒకావిడకి రెండుసార్లు గర్భం నిలవకపోతే ఈ ఒక్క ఎర్ర అంకె చూపించి, అది నెగెటివ్ అయ్యేదాకా పిల్లల కోసం ప్రయత్నించొద్దన్నారు. ఏడాదిన్నర ఆగింది పాపం. ఆ అంకె ఎప్పటికీ నెగెటివ్ కాదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మరి ఐజీఎం కూడా పాజిటివ్ వస్తే?

అప్పుడు పట్టించుకోవాలి, కానీ ఏడవడం మొదలుపెట్టే ముందు ఇంకో టెస్టు ఉంది. ఐజీఎం ఇంకో రకం యాంటీబాడీ, మామూలుగా కొత్త ఇన్ఫెక్షన్‌కి గుర్తు, అయితే ఇది కొంచెం అబద్ధాలకోరు. వైరస్ తగిలాక నెలల తరబడి ఉండిపోవచ్చు, పాత వైరస్ మళ్లీ లేచినా రావచ్చు, వేరే ఇన్ఫెక్షన్ ఉన్నా తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు.

అందుకే ఐజీజీ అవిడిటీ అనే టెస్టు అడగండి. మన ఒంట్లోని ఐజీజీ వైరస్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటోందో ఇది చెబుతుంది. కొత్తలో పట్టు వదులుగా ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ బిగుస్తుంది. అవిడిటీ తక్కువ వస్తే గత మూడు నాలుగు నెలల్లో తగిలి ఉండవచ్చు. మూడో నెలలోపు చేసిన టెస్టులో అవిడిటీ ఎక్కువ వస్తే, నెల తప్పకముందే తగిలిందన్నమాట, సగం టెన్షన్ అక్కడే పోతుంది. ఈ టెస్టు ఎంత త్వరగా చేస్తే అంత పనికొస్తుంది. ఏడో నెలలో చేస్తే, ఎక్కువ వచ్చినా మొదట్లో ఏం జరిగిందో తేలదు.

అయితే టార్చ్ టెస్టు అందరూ చేయించుకోవాలా?

ఏ లక్షణం లేని గర్భిణులందరికీ సీఎంవీ టెస్టు అవసరం లేదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం అంటుంది. యూరప్‌లో కొందరు నిపుణులు మాత్రం మొదటి మూడు నెలల్లో చేయాలంటున్నారు, అక్కడ చాలామందికి ఈ వైరస్ అసలు తగిలి ఉండదు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లని పట్టుకోవడం తేలిక. మన దగ్గర దాదాపు అందరూ పాజిటివే వస్తారు, కాబట్టి ఊరికే చేయిస్తే నిద్ర చెడటం తప్ప ఒరిగేది తక్కువ. స్కానింగ్‌లో తేడా కనబడినా, కారణం తెలియని జ్వరం వచ్చినా, అప్పుడు టెస్టుకి అర్థం ఉంది.

నాకు పాతదే కదా, అంటే బిడ్డకి అసలు రాదా?

రాదని చెప్పలేం. గర్భంతో ఉండగా మొట్టమొదటిసారి వైరస్ తగిలితే పదిమందిలో ముగ్గురు నలుగురి బిడ్డలకి అది మాయ దాటి వెళ్తుంది. పాతది మళ్లీ లేచినా, కొత్త రకం తగిలినా, బిడ్డకి చేరేది నూటికి ఒకరి దాకా. తేడా చాలా ఉంది.

కానీ మన దేశంలో లెక్క ఇక్కడే తిరగబడుతుంది. దాదాపు అందరం పాతవాళ్లమే కాబట్టి, ఆ నూటికి ఒకరు అనేదే చాలామంది అవుతారు. ఇక్కడ సీఎంవీతో పుట్టే పిల్లల్లో ఎక్కువమంది తల్లులు ముందే పాజిటివ్ ఉన్నవాళ్లే. అందుకని ఐజీజీ చూసి భయపడటం ఎంత తప్పో, అది చూసి చేతులు కడుక్కోవడం లాంటి జాగ్రత్తలు మానేయడం కూడా అంతే తప్పు.

ఇది నాకు ఎవరి నుంచి వస్తుంది?

ఎక్కువగా ఇంట్లో ఉన్న మూడేళ్లలోపు పిల్లల నుంచి. ప్లే స్కూల్‌లోనో, అంగన్‌వాడీలోనో, ఎదురింటి పాపతో ఆడుకుంటూనో తెచ్చుకుంటారు, వాళ్లకి జలుబు కూడా చేయదు, కానీ నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి చొంగలోనూ ఉచ్చలోనూ వైరస్ పోతూనే ఉంటుంది. గాల్లో ఎగిరొచ్చి పట్టుకునే రకం కాదు, తడి తగలాలి. భార్యాభర్తల కలయికలో కూడా వస్తుంది.

మన ఇళ్లలో ఎంగిలి అంటే ఎంత పట్టింపో మీకు తెలుసు. నీళ్లు కూడా పెదవికి తగలకుండా ఎత్తి తాగుతాం. అదే పసిపిల్లల దగ్గరికొచ్చేసరికి "పిల్లల ఎంగిలి ఎంగిలి కాదు" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. నేను రెండోసారి గర్భంతో ఉన్నప్పుడు మా పెద్దాడికి రెండేళ్లు. వాడికి పప్పన్నం కలపడం, ఉఫ్ అని ఊది నా నాలిక మీద వేడి చూసి, అదే చెంచాతో వాడికి పెట్టడం, వాడు నాలుగు ముద్దలు తిని పారిపోతే గిన్నెలో మిగిలింది నేనే తినేసి నా భోజనం అయిందనిపించడం. రోజూ ఇదే. వైరస్ అక్కడి నుంచే వచ్చిందని రుజువేమీ లేదు, ఎవరూ చెప్పలేరు కూడా. కానీ ఆ స్టీలు గిన్నె మాత్రం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

మరి పెద్దపిల్లాడిని దూరం పెట్టాలా?

అయ్యో, వద్దు. ఎత్తుకోండి, పక్కలో పడుకోబెట్టుకోండి. పెదవుల మీద కాకుండా నుదుటి మీదో నడినెత్తి మీదో ముద్దు పెట్టండి. మిగిలిన అన్నం పారేయడానికి ప్రాణం ఒప్పకపోతే వాళ్ల నాన్నకి పెట్టండి. చెంచా, గ్లాసు, టూత్ బ్రష్ వేరుగా ఉంచండి. డైపర్ మార్చాక, ముక్కు తుడిచాక, చొంగ పట్టిన బొమ్మలు తీశాక సబ్బుతో ఒక ఇరవై సెకన్లు చేతులు కడగండి. మామూలు సబ్బుకే చచ్చిపోయే వైరస్ ఇది. ముఖ్యంగా మొదటి మూడు నాలుగు నెలలు ఈ జాగ్రత్తలు గట్టిగా పాటించండి. అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ప్లే స్కూళ్లలో పనిచేసేవాళ్లు గర్భంతో ఉంటే ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్త.

బిడ్డకి సోకితే ఏమవుతుంది?

ముందు అంకెలు చెప్తా. ప్రపంచం మొత్తం మీద చూస్తే సుమారు 150 నుంచి 200 మంది పిల్లల్లో ఒకరు ఈ వైరస్‌తో పుడతారు. వాళ్లలో ఐదుగురిలో నలుగురికి ఏమీ కాదు, మామూలుగా పెరుగుతారు. మిగిలిన ఒకరికి దీర్ఘకాలం ఉండే సమస్య ఏదో ఒకటి మిగులుతుంది.

పుట్టగానే గుర్తు కనబడేవాళ్లు పదిమందిలో ఒకరు: బరువు తక్కువ, తల చిన్నది, ఒంటి మీద దోమ కుట్టినట్టు ఎర్రటి చుక్కలు, తగ్గని పచ్చకామెర్లు, కాలేయం ప్లీహం వాపు, ఒక్కోసారి ఫిట్స్. మెదడులో కాల్షియం మచ్చలు, కంటి లోపలి పొర వాపు కూడా ఉండొచ్చు. వీళ్లలో దాదాపు సగం మందికి వినికిడి, ఎదుగుదల, నడక వీటిలో ఏదో ఒకదానితో ఇబ్బంది ఉంటుంది.

మిగతా తొమ్మండుగురు బొద్దుగా, చూడముచ్చటగా పుడతారు. కానీ వాళ్లలో కూడా నూటికి పది మందికి పైగా వినికిడి దెబ్బతింటుంది. అందరికీ పుట్టుకతోనే కాదు, చాలామందికి ఆ తర్వాత మెల్లగా. జన్యుకారణాలు పక్కన పెడితే పిల్లల్లో నరాల చెవుడుకి ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే.

ఏ నెలలో సోకితే ఎక్కువ ప్రమాదం?

నెల తప్పే రోజుల నుంచి మూడో నెల దాకా. విచిత్రం ఏంటంటే నెలలు నిండేకొద్దీ వైరస్ మాయ దాటే అవకాశం పెరుగుతుంది, కానీ దాటినా హాని తగ్గుతుంది. చివరి మూడు నెలల్లో సోకితే బిడ్డకి చేరడం మామూలే, పెద్ద నష్టం జరగడం మాత్రం అరుదు.

కడుపులో ఉండగానే బిడ్డకి సోకిందో లేదో తెలుస్తుందా?

తెలుస్తుంది. ఉమ్మనీరు తీసి పీసీఆర్ అనే వైరస్ పరీక్ష చేస్తారు. కానీ తొందరపడితే తప్పు జవాబు వస్తుంది. బిడ్డకి సోకాక వైరస్ వాళ్ల ఉచ్చ ద్వారా ఉమ్మనీటిలోకి రావాలి, అందుకు టైం పడుతుంది. అందుకని తల్లికి తగిలిన ఎనిమిది వారాల తర్వాత, మామూలుగా 20 వారాలు దాటాక చేస్తారు, కొందరు 17 వారాల నుంచే చేస్తున్నారు.

పాజిటివ్ వచ్చినా అది "సోకింది" అని మాత్రమే, "పాడైంది" అని కాదు. ఆ తర్వాత స్కానింగ్‌లు: తల చుట్టుకొలత, మెదడులో నీటి గదులు, పేగులు తెల్లగా మెరవడం, ఎదుగుదల ఇవి చూస్తారు. ఎనిమిదో నెలలో ఎమ్మారై చేయొచ్చు. అన్నీ బాగుంటే చాలా మంచి కబురు, కానీ చెవిని ఏ స్కానూ చూడలేదు.

డాక్టరు గర్భం తీసేయమంటే?

ఐజీజీ, ఐజీఎం కాగితాలు చూసి మాత్రమే అలా అంటే ఆ గదిలోంచి లేచి రండి, ఇంకో డాక్టరు దగ్గరికి, వీలైతే ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డ వైద్యం) చేసినవాళ్ల దగ్గరికి వెళ్లండి. నేను ఇంత గట్టిగా చెప్పే జవాబు ఇదొక్కటే.

స్కానింగ్‌లో మెదడు బాగా దెబ్బతిన్నట్టు తేలితే అది వేరే సంగతి, ఆ నిర్ణయం మీది, మీరేది తీసుకున్నా ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. 2021లో గర్భస్రావాల చట్టం సవరించాక కొన్ని వర్గాల వాళ్లకి 24 వారాల దాకా, బిడ్డలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు అనుమతితో ఆ తర్వాత కూడా అవకాశం ఉంది.

గర్భంలో ఉండగా మందు ఉందా?

ఒకటి ఆశ చూపిస్తోంది. వాలసైక్లోవిర్ అనే మందు, మామూలుగా హెర్పిస్‌కి వాడేది. ఇజ్రాయెల్‌లో 90 మంది గర్భిణులతో చేసిన ట్రయల్ 2020లో వచ్చింది. నెల తప్పే రోజుల్లోనో మొదటి మూడు నెలల్లోనో కొత్తగా సోకినవాళ్లకి ఇస్తే, బిడ్డకి చేరడం 30 శాతం నుంచి 11 శాతానికి తగ్గింది. మోతాదు రోజుకి 8 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు పదహారు. కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి, నీళ్లు బాగా తాగాలి, డాక్టరు లేకుండా దీని జోలికి పోకండి. ఐజీజీ ఒక్కటే పాజిటివ్ ఉన్నవాళ్లకి ఇది కాదు.

యాంటీబాడీ ఇంజెక్షన్ల మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు గానీ, 2021లో వచ్చిన పెద్ద అమెరికా ట్రయల్‌లో లాభం కనబడలేదు. టీకా ఇంకా లేదు. మోడెర్నా కంపెనీ టీకా చివరి దశ దాకా వెళ్లి 2025లో ఫెయిలైంది. ఆ వార్త చూసిన రోజు నాకు అన్నం సహించలేదు.

బిడ్డ పుట్టాక ఏం చేయించాలి? 21 రోజులు అంటారేంటి?

అనుమానం ఉంటే పుట్టిన 21 రోజుల్లోపు బిడ్డ ఉచ్చనో, నోటి తడినో పీసీఆర్‌కి పంపాలి. నోటి తడిలో పాజిటివ్ వస్తే ఉచ్చతో మళ్లీ నిర్ధారించుకోవాలి, తల్లిపాలలోని వైరస్ నోట్లో ఉండి తప్పుదారి పట్టించొచ్చు. మూడు వారాలు దాటితే, పాజిటివ్ వచ్చినా అది కడుపులో సోకిందో, పుట్టాక పాల నుంచో ఇంకెవరి నుంచో వచ్చిందో తేల్చలేరు.

మాకు జరిగింది అదే. మా పాప పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఆసుపత్రిలో చేసిన చెవి టెస్టు పాసైంది. ఇంట్లో అందరికీ ఒకటే మురిపెం, ఎంత చప్పుడైనా లేవదు బంగారుతల్లి అని. ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో నీళ్ల బిందె జారి గచ్చు మీద పడింది, పక్కింటావిడ ఏమైందని పరిగెత్తుకొచ్చింది, మా పాప ఉయ్యాల్లో కనురెప్ప కూడా కదపలేదు. అప్పటికి దానికి పదకొండో నెల. అప్పుడు కూడా "మాటలకి టైముందిలే, వాళ్ల నాన్న నాలుగేళ్లకి మాట్లాడాడు" అన్నారు, వస అరగదీసి నాకించారు. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి పద్నాలుగు నెలలు. ఆయన మొదట అడిగింది "మీది మేనరికమా?" అని, కాదన్నాం. ఉచ్చలో వైరస్ దొరికింది, ఎమ్మారైలో తెల్లటి మచ్చలు దొరికాయి, "బహుశా కడుపులోనే" అన్నారు. ఆ బహుశా అలాగే ఉండిపోయింది.

పుట్టాక మందులు పనిచేస్తాయా?

లక్షణాలతో పుట్టిన బిడ్డలకి వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే నోటి మందు ఇస్తారు, నెల తిరక్కముందే మొదలుపెట్టి ఆరు నెలలు. వినికిడి, ఎదుగుదల కొంత మెరుగవుతాయని 2015లో వచ్చిన ట్రయల్ చూపించింది. కొంత అనే మాట గుర్తుంచుకోండి, పోయింది తెచ్చే మందు కాదు. తెల్ల రక్తకణాలు పడిపోతాయి కాబట్టి తరచూ రక్తపరీక్షలు ఉంటాయి. ఏ లక్షణమూ లేని బిడ్డకి మామూలుగా ఇవ్వరు.

చెవి టెస్టు పాసైంది కదా, ఇంకా ఎందుకు?

ఎందుకంటే మా పాప కూడా పాసైంది. ఆసుపత్రిలో చేసే ఓఏఈ (లోపలి చెవి స్పందన చూసే చిన్న టెస్టు) ఆ రోజు సంగతే చెబుతుంది. సీఎంవీ ఉన్న బిడ్డకి బెరా టెస్టుతో (శబ్దం చెవి నరం నుంచి మెదడు దాకా చేరుతోందో చూసేది) మొదలుపెట్టి, మొదటి ఏడాది మూడు నాలుగు నెలలకోసారి, ఆ తర్వాత ఆరేళ్లు వచ్చేదాకా కాస్త వ్యవధితో చేయిస్తూ ఉండాలి. లోపం దొరికితే ఆరో నెలలోపే వినికిడి మిషన్లు పెట్టగలిగితే మాటలు బాగా వస్తాయి. కళ్ల డాక్టరుకి కూడా ఒకసారి చూపించండి.

జిల్లాల్లో ప్రభుత్వ పిల్లల స్క్రీనింగ్ కార్యక్రమం కింద పనిచేసే సత్వర చికిత్స కేంద్రాలు ఉన్నాయి, ఖర్చు ఉండదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే వినికిడి పరికరం) అవసరమైతే ఆరోగ్యశ్రీలోనూ, కేంద్రం పథకంలోనూ సాయం దొరుకుతుంది గానీ వయసు పరిమితి ఉంటుంది, కాబట్టి "ఇంకో ఏడాది చూద్దాం" అనే పెద్దవాళ్ల మాట ఇక్కడ వినకండి.

నా పాలలో వైరస్ ఉంటే ఇవ్వొచ్చా?

నెలలు నిండి పుట్టిన బిడ్డకి నిక్షేపంగా ఇవ్వండి. బాగా ముందుగా, 32 వారాలలోపో, కిలోన్నర కన్నా తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డ అయితే పిల్లల డాక్టర్ని అడగండి.

గ్రహణం రోజు బయటికి వచ్చానని అంటున్నారు, బొప్పాయి తిన్నానని అంటున్నారు.

వాటికీ దీనికీ సంబంధం లేదు. ఇది వైరస్. మీ తప్పు కాదు.

మళ్లీ పిల్లల్ని కనొచ్చా?

కనొచ్చు. కొత్తగా సోకినట్టు తేలితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఆగమంటారు. ఆ తర్వాత బిడ్డకి సోకే అవకాశం చాలా తక్కువ.

సీఎంవీ ఉన్న పాపని గర్భంతో ఉన్నవాళ్లు ఎత్తుకోవచ్చా?

మా పాపని ఒక పెళ్లిలో ఇదే కారణంతో ఒకావిడ దూరంగా కూర్చోబెట్టింది. ఎత్తుకోవచ్చు. ఎదురింటి మామూలు పిల్లాడి చొంగలో కూడా ఇదే వైరస్ ఉండొచ్చు, వాడికి ఎవరూ టెస్టు చేయలేదు కాబట్టి తెలియదు, అంతే తేడా. ఎత్తుకుని, ఆ తర్వాత చేతులు కడుక్కోండి. మా పాపకి ఇప్పుడు ఆరేళ్లు, ఎత్తుకుంటే మిషన్ వైరు లాగొద్దని తనే చెబుతుంది.